డబ్బా మీద పంకజ

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ కుదురుగా నిలవవు. వేళ్ళు నొప్పి పుడితే ఆపి, ఎసరు చూసి వచ్చి మళ్ళీ రాస్తాను. కాబట్టి మాటకూ మాటకూ మధ్య ఒక పూట తేడా కనిపిస్తే మన్నించండి. అచ్చు వేసేటప్పుడు తప్పులు దిద్దుకోండి, మాటలు మాత్రం మార్చకండి.

ఆ ఏడు వేసవిలో బంగారుపాళ్యం దగ్గర మామిడి రసం ఫ్యాక్టరీలో డబ్బాలకు కాగితాలు అతికించే పని నాది. మైదా జిగురు కాగితం వెనక పూసి, డబ్బా చుట్టూ తిప్పి, మడమతో ఒత్తినట్టు అరచేత్తో ఒత్తాలి. ఒకరోజు కొత్త కట్ట విప్పితే అందులో నా బిడ్డ ఉంది.

మొదట పోల్చుకోలేదు. పాదాల దాకా పచ్చ పావడా, తల్లో కనకాంబరాలు, చేతిలో రసం గ్లాసు. నోరు కొంచెం తెరిచి గడ్డం పైకెత్తిన ఆ మొహం మాత్రం నేను కన్నదే. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో రెండో ఏడు చదువుతున్న పంకజాక్షి. పరుగు పందెంలో అందరికంటే ముందు దారం తెంచుకుంటూ వస్తున్నప్పుడు కాలేజీవాళ్ళు తీయించిన ఫొటో అది. అసలు ఫొటోలో నిక్కరు ఉంది, ఛాతీ మీద నంబరు గుడ్డ ఉంది, రెండు చేతులూ గాలిలో ఖాళీగా ఉన్నాయి. బొమ్మ వేసినవాడు నిక్కరు మీద పావడా కప్పాడు. నంబరు తీసేశాడు. ఖాళీ చేతిలో గ్లాసు పెట్టాడు. కింద ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాను: పరుగుల చిన్నది తాగే రసం. పేరు లేదు. ఆ రసం నా బిడ్డ ఒక్క చుక్క తాగి ఎరగదు. రాగి సంగటి తిని పరిగెత్తిన పిల్ల.

పక్కన కూర్చున్న అక్కమ్మ తొంగి చూసి నవ్వింది.

"ఏమ్మే జ్ఞానాంబా, ఇప్పుడా సూసేది? మీ మరిది నీకు చెప్పనే లేదా? ఆయనే గదా ఓనరుకు ఫొటో ఇచ్చింది."

"దేవరాజులా? ఎందుకిచ్చినాడు?"

"ఎందుకంటావేమే! మా ఇంటాయన కాయల బండి కట్టుకోని వంతు కోసరం గేటు కాడ పండుకోనుండాడు. కింద కాయలు కుళ్ళి నీళ్ళు కారతా ఉండాయి. మీ మరిది ట్రాక్టరు రావడం రావడం లోపలికి పోయె. నీ బిడ్డ మొగం సూపించి గేటు తీయించుకున్నాడు."

ఆమె కోపం నా మీద కాదు. అయినా నేను తల దించుకున్నాను. అలవాటు అది. ఆ పూట చీకటి పడేదాకా నా బిడ్డ మొహానికి జిగురు పూసి డబ్బాలకు అతికించాను. అతికించినందుకు నాకు కూలి ఉంది. ముద్రించినవాడికి, మోసినవాడికి, గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడినవాడికి కూడా ఉంది. పొద్దున్నే లేచి ముళ్ళదారిలో పరిగెత్తి ఆ మొహం సంపాదించుకున్న పిల్లకే లేదు.

ఆదివారం ఒక కాగితం మడిచి రవికలో పెట్టుకుని తిరుపతి బస్సెక్కాను. వేసవిలో కూడా ఆటల పిల్లలను హాస్టల్లోనే ఉంచి పరిగెత్తిస్తున్నారు. పంకజ కాగితం విప్పి చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను.

"ముక్కు బాగా పడింది గదమ్మా!" అంది. కాసేపు మురిసిపోయింది కూడా. పందొమ్మిదేళ్ళ పిల్ల, మురవదా? తర్వాత పావడా చూసింది. గ్లాసు చూసింది. "నా నంబరు యాడమ్మా? ఈ పావడా కట్టుకోని యెవురన్నా పరిగెత్తతారా, పడి సస్తారు గాని" అని నవ్వబోయి ఆగిపోయింది. "నన్ను ఒక్క మాట అడగలేదే."

ఆటలు నేర్పే శకుంతలమ్మ టీచరు దగ్గరికి తీసుకుపోయింది. ఆవిడ మంచిది, సొంత డబ్బుతో పిల్లకు బూట్లు కొనిచ్చింది. నేను అడగవలసింది అడిగాను. ఫ్యాక్టరీ వాళ్ళు ఈ బొమ్మకు పంకజకు ఏమన్నా ఇవ్వాలి కదా అని.

"అడగొద్దమ్మా" అంది ఆవిడ కంగారుగా. "ఆట పేరు చెప్పి డబ్బు తీసుకున్నారని తెలిస్తే యూనివర్సిటీ తరఫున పోటీలకు పంపరు. రాష్ట్రం పోటీలు ముందున్నాయి. ఆట మీద ప్రేమతోనే ఆడాలి, అదీ నియమం."

"ఓనరు తీసుకోవచ్చునా టీచరమ్మా?"

ఆవిడ ఆ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "నాకూ న్యాయం అనిపించదు. కానీ పిల్ల పరుగు ముఖ్యం కదా" అంది.

తిరుగు బస్సులో కిటికీ దగ్గర కూర్చుని ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను. ప్రేమతోనే ఆడాలి. ఈ మాట నాకు కొత్త కాదు, మా ఇంట్లో విన్నదే. మా ఆయన పోయిన తర్వాత మరిది ఇంట్లో తోటకు నీళ్ళు కట్టాను, కాయలు కోశాను, చెత్త ఎత్తాను, వచ్చే పోయే వాళ్ళందరికీ వండి పోశాను. ఒకసారి చీర చిరిగిపోయిందని నోరు తెరిస్తే, "ఇంటి మనిషివి, కూలిమనిషి మాదిరి అడగతావేంది వదినా" అన్నాడు దేవరాజులు. ఆ మాటకు నేను సంతోషపడ్డాను! ఇంటి మనిషిని అన్నాడు కదా అని. మా మామయ్య బతికున్నప్పుడు నలుగురిలో, "మా జ్ఞానాంబ చేతికి డబ్బు తగలనీదు, బంగారం" అని మెచ్చుకునేవాడు. చేతికి డబ్బు తగిలితే మనం చెడిపోతాం. మన చేతి పని మీద వచ్చే డబ్బు వాళ్ళ చేతికి తగిలితే మాత్రం ఎవరూ చెడిపోరు. నా బిడ్డ కాళ్ళకు కూడా ఇదే నియమం రాశారు. రాసినవాళ్ళు ఎవరో నాకు తెలియదు గానీ, వాళ్ళు మా ఇంట్లో భోంచేసి పోయినవాళ్ళ మాదిరే అనిపించారు.

మరునాడు ఓనరు మునిరత్నం గదికి పోయాను. లోపలికి రమ్మనలేదు. గడప దగ్గరే నిలబడి, బొమ్మ తీసేయమన్నాను.

"నీ బిడ్డకు ఊరూరా పేరొస్తా ఉండాది, సంతోషపడాల్సింది పోయి!"

"దాంట్లో పేరే లేదు సామీ."

ఆయన కళ్ళజోడు తీశాడు. "ఓ, డబ్బు కావాల్నా? ఆడబిడ్డ మొగానికి రేటు కట్టమంటావా? ఏం తల్లివి నువ్వు!"

గుమాస్తా కిసుక్కున నవ్వాడు. నా ఒళ్ళంతా జిగురు పూసినట్టయింది. ఇంతకు ముందైతే ఆ మాటకు ఏడుస్తూ బయటికి వచ్చేదాన్ని.

"రేటు మీరు ముందే కట్టినారు సామీ. మా మరిదికి. నా బిడ్డ డబ్బు ముట్టదు, పోటీలకు పోవాల. పరుగు చాలించినాక మీకు బొమ్మ కావాల్నంటే దాన్నే అడగండి. అంతదాకా తీసేయండి."

"కాగితాలు వేలకు వేలు కొట్టించినాను, పో పో."

"అయితే నేను అతికించను" అని చెప్పి, కాయలు కడిగే తొట్ల దగ్గరికి పోయి కూర్చున్నాను. అక్కడ కూలి తక్కువ, కాయ తొడిమ నుంచి కారే జీడికి చేతులు పుండ్లు పడతాయి. ఆ కాగితాలు ఆ కాలమంతా వేరేవాళ్ళు అతికించారు. నేను ఆపగలిగింది నా చేతులను మాత్రమే.

ఆ సంగతి నాకంటే ముందు ఇల్లు చేరింది. దేవరాజులు కంచం ముందు కూర్చుని ఉన్నాడు. నేను సంగటి ముద్ద పెట్టి పప్పు పోస్తున్నాను.

"ఓనరు కాడికి పోయి పరువు తీసినావంటనే వదినా."

"పరువు గాదప్పా, బొమ్మ తీయమన్నా."

"నా ఇంట్లో పిల్ల, నా ఇంట్లో ఫొటో. ఇస్తే తప్పేమి? ఆ పిల్ల సదువుకు, హాస్టలుకు కట్టేది యెవురు? తండ్రి లేని పిల్లను సదివిస్తా ఉండానని ఊరంతా అంటా ఉండారు. ఇట్లే ఎగిరితే సదువు మాన్పించి యాడో ఒకచోట ఇచ్చేస్తా, సూడు."

అతని భార్య చంద్రకాంతమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఈ బెదిరింపు వచ్చినప్పుడల్లా నేను చేసేది ఒకటే. ఇంకో గరిటె పప్పు పోసి, "తప్పయిపోయింది లేప్పా" అనేదాన్ని. ఆ గరిటె చేతిలోనే ఉంది. గిన్నెలో పెట్టేశాను. మా ఆయన పోయాక మొదటిసారి, అతను తింటుండగా నేను ఎదురుగా కూర్చున్నాను.

"అప్పా దేవరాజులూ, ఈ ఏడు మన ఊళ్ళో ఎవురి కాయలు కుళ్ళలేదు?"

అతను సంగటి ముద్ద తుంచాడు.

"నీ ఒక్కని కాయలే. గేటు ఎవురు తీసినారు?"

"ఏం అడగతా ఉండావే నువ్వు?"

"పంకజ తీసింది. తిరుపతిలో పరిగెత్తతా ఉండి ఈడ నీ ట్రాక్టరును లోపలికి తోసింది. దాని చేతికి పైసా తగల్లేదు గాబట్టి పోటీలకు దానికి అడ్డం లేదు. తగిలింది నీ చేతికి."

చంద్రకాంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో భయమో నాకు తెలియదు. కానీ "పప్పు నేను పోస్తాలే అక్కా, నువ్వు మాట్లాడు" అంది.

దేవరాజులు ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. ముద్ద కంచంలోనే ఉండిపోయింది. నేను గొంతు పెంచలేదు.

"ఈ పొద్దు నుంచి దాన్ని నువ్వు సదివిస్తా ఉండావని యాడా చెప్పబాకు. అది సదువుకునేది దాని మొగానికి వచ్చిన దాంట్లో నుంచి. హాస్టలుకు పోను మిగిలింది నా చేతికి ఎప్పుడిస్తావు?"

జ్ఞానాంబ, వయసు నలభై ఏడు. ఇప్పుడు ఉండేది తిరుపతి కొర్లగుంటలో, బిడ్డతో పాటు.