బంతి పట్టే మనిషి

కెనడాలో, బ్రాంప్టన్‌లోని ఆ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే కావ్యశ్రీకి పైన ఉండే ఇంటివాళ్ల జీవితమంతా చప్పుళ్లుగానే తెలుసు. పొద్దున్నే మిక్సీ రాధిక ఆంటీది. మెట్ల మీద బరువైన అడుగులు హేమచంద్ర అంకుల్‌వి. సాయంత్రం పూట గరాజ్ వైపు నుంచి ఆగి ఆగి వినిపించే ధబ్‌మనే మోత మాత్రం ఏమిటో ఆమెకు అంతుబట్టలేదు. గదిలో తనతోపాటు ఉండే చంద్రకళ ఉద్యోగం దొరికి విండ్సర్ వెళ్లిపోయాక ఆ మోతే తోడైంది. కాలేజీ క్లాసులు సగం ఆన్‌లైన్‌లోనే. మిగతా వేళ వాన్ అనే పక్క ఊళ్లోని వేర్‌హౌస్‌లో డబ్బాలకు లేబుల్స్ అంటించే పని. బస్సు దిగుతూ డ్రైవర్‌కి చెప్పే థాంక్యూ తప్ప నోరు విప్పే అవసరం రాని రోజులు కూడా ఉండేవి.

మంచు కరిగి గడ్డి బయటపడ్డాక ఒక సాయంత్రం చెత్తడబ్బా బయట పెట్టడానికి వచ్చి, తెరిచి ఉన్న గరాజ్‌లోకి చూసింది. ఇంటివాళ్ల అమ్మాయి మధుమిత చేతిని భుజం చుట్టూ గిర్రున తిప్పి, నడుము దగ్గరనుంచి బంతి విసురుతోంది. గోడకు ఆనించిన పాత పరుపుకు తగిలి బంతి కింద పడుతోంది. తనే వెళ్లి తెచ్చుకుని మళ్లీ విసురుతోంది. పచ్చటి బంతి, ఎర్రటి కుట్లు. కావ్యశ్రీ చెత్తడబ్బా అక్కడే వదిలేసి దగ్గరికి నడిచింది.

"సాఫ్ట్‌బాల్ కదా?"

పదహారేళ్ల పిల్ల వెనక్కి తిరిగింది. "మీకు తెలుసా? ఇండియాలో అందరూ క్రికెట్టే కదా!"

"మా ఆర్మూర్ల మేం మస్తు ఆడినం. స్కూల్ టీమ్‌ల నేను క్యాచర్‌ని, బ్యాటర్ ఎనక కూసొని బంతి పట్టేదాన్ని. ఇంకో గ్లవ్ ఉన్నదా?"

డ్రైవ్‌వేలో మోకాళ్లు వంచి కూర్చుంది. మొదటి బంతికి అరచెయ్యి చురుక్కుమంది. ఆ మంట ఎంత హాయిగా ఉందో ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఆ రోజు చీకటి పడేదాకా ఆడారు. మర్నాడు మధుమితే కిందికొచ్చి తలుపు తట్టింది. "అక్కా, ఖాళీయేనా?"

పరుపుతో ఆడుకునే ఆ పిల్ల చిన్నాచితకా ఆటగత్తె కాదు. ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే ట్రావెల్ టీమ్‌లో బంతి విసిరే పిచ్చర్. వారాంతాల్లో తండ్రి గంటల తరబడి డ్రైవ్ చేసి తీసుకెళ్తాడు. ఇప్పుడు స్కూల్ టీమ్‌లో చేరమని ఇంగ్లిష్ టీచర్ వెంటపడుతోంది. ఆ టీమ్‌కి కోచ్ ఆవిడే. ఏం చేయాలో మధుమితకు తోచడం లేదు.

హేమచంద్రకు మాత్రం ఏ సందేహమూ లేదు. వాకిట్లో కారు తుడుస్తూ కావ్యశ్రీతో అన్నాడు. "ట్రావెల్ టీమ్ ఆటలకి పిల్లల్ని ఎంచుకోవడానికి అమెరికా కాలేజీల కోచ్‌లు వస్తారమ్మా. స్కూల్ ఆటకి ఎవడొస్తాడు? అనవసరంగా భుజం పాడుచేసుకోవడం తప్ప."

"వాళ్లకి బంతి పట్టడం కూడా రాదు డాడీ" అని మధుమిత కూడా వంత పాడింది. కానీ ఆయన లోపలికెళ్లాక గ్లవ్‌లో బంతిని తిప్పుతూ అక్కడే నిలబడిపోయింది.

"ట్రావెల్ టీమ్‌ల నీ దోస్తులెవరు?" అని అడిగింది కావ్యశ్రీ.

మధుమిత గ్లవ్ తీసి చంకలో పెట్టుకుంది. "ముగ్గురం పిచ్చర్లం అక్కా. మిగతా ఇద్దరూ సరిగ్గా వేయకూడదని కోరుకుంటూ బెంచ్ మీద కూర్చుంటా. నేను వేస్తున్నప్పుడు వాళ్లూ అదే అనుకుంటారు. గేమ్ అవ్వగానే ఎవరి కారు వాళ్లది."

కావ్యశ్రీ గడ్డి మీద కూర్చుంది. "మా టీమ్ గొప్పదేం కాదు. చానా సార్లు ఓడిపోయినం. అయినా స్కూల్ మొత్తం వచ్చి గొంతు పోయేటట్టు అరిచేటోళ్లు. వాళ్లు నన్ను చూడనీకి రాలే, వాళ్ల స్కూల్‌ని చూడనీకి వచ్చిండ్రు. అందుల నేనున్న, గంతే. ఇక్కడికొచ్చినంక నా పేరు బిగ్గరగ ఎవరూ పిలువలే."

చివరి మాట అనుకోకుండా నోట్లోంచి జారింది. ఆ రాత్రి పైన తండ్రీకూతుళ్ల గొంతులు పెద్దవయ్యాయి. ఆ వారమే మధుమిత స్కూల్ టీమ్‌లో చేరింది.

మొదటి మ్యాచ్‌లో చిత్తుగా ఓడారు. క్యాచర్ జస్లీన్‌కి మధుమిత వేసే బంతి అందనే లేదు. అది వెనక కంచెకు తగిలినప్పుడల్లా ఎదుటి టీమ్ పరుగులు తీసింది. "కళ్లు మూసుకుంటుందక్కా! ఎలా ఆడాలి?" అని మధుమిత మండిపడింది.

"భయపడ్తుంది. ముందు మెల్లగ వెయ్యి. నిన్ను నమ్మినంక స్పీడ్ పెంచు."

జస్లీన్‌ని ఇంటికి రమ్మంది మధుమిత. మొదట్లో కావ్యశ్రీ ఆ పిల్ల పక్కన కూర్చుని మోచెయ్యి ఎలా పెట్టాలో, బంతిని చివరిదాకా ఎలా చూడాలో చూపించింది. జస్లీన్ కళ్లు తెరిచి పట్టడం మొదలెట్టాక, నెమ్మదిగా కావ్యశ్రీతో పని లేకుండా పోయింది. తలుపు తట్టడం తగ్గి, ఆగిపోయింది. బేస్‌మెంట్ కిటికీలోంచి ఆ ఇద్దరి బూట్లు కనిపించేవి, అర్థంకాని జోకులకు వాళ్ల నవ్వులు వినిపించేవి. పిలిస్తే వెళ్లేదే. పిలవకుండా ఎలా వెళ్తుంది? అన్నం వండుకుని, ఫోన్‌లో ఏదో పెట్టుకుని తినేది. వాళ్ల మీద కోపం లేదు. ఆ పిల్లకు కావాల్సింది అదే కదా అని సర్దిచెప్పుకునేది. సర్దిచెప్పుకున్నాక కూడా గది అలాగే ఉండేది.

సీజన్ చివర్లో నాకౌట్ మ్యాచ్‌కి మధుమిత కిందికొచ్చి మరీ పిలిచింది. షిఫ్ట్‌కి ముందు కాసేపు వీలుంది కాబట్టి కావ్యశ్రీ వెళ్లింది. స్కూల్ మైదానం పక్కన గడ్డి మీద పిల్లలు గుంపులుగా ఉన్నారు. కంచె దగ్గర, ఆఫీసు బట్టల్లోనే, హేమచంద్ర నిలబడి ఉన్నాడు. స్కూల్ ఆటకి ఆయన రావడం అదే మొదటిసారి.

చివరి ఇన్నింగ్స్‌లో స్కోర్లు సమానం. థర్డ్ బేస్‌లో, పరుగుకి ఒక్క మెట్టు దూరంలో, ఎదుటి టీమ్ అమ్మాయి కాచుకుని ఉంది. మధుమిత జస్లీన్‌ని చూసి తలూపింది. చెయ్యి గిర్రున తిరిగింది. స్కూల్ మ్యాచ్‌ల్లో ఎప్పుడూ వేయనంత వేగంగా వచ్చిన బంతిని జస్లీన్ కళ్లు తెరిచే పట్టింది. స్ట్రైక్ త్రీ, బ్యాటర్ ఔట్! "మధూ! మధూ!" అంటూ గడ్డి మీది పిల్లలంతా లేచారు.

తరవాతి అమ్మాయి బంతిని షార్ట్‌స్టాప్ ఫీల్డర్ తల మీదుగా కొట్టింది. థర్డ్ బేస్ అమ్మాయి పరుగు పూర్తి చేసింది. ఓడిపోయారు.

జస్లీన్ ముఖానికున్న మాస్క్ తీసి ఏడుస్తుంటే మధుమిత ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి ఏదో చెప్పింది. కాసేపటికి ఇద్దరూ నవ్వారు.

"ట్రావెల్ టీమ్ ఓడితే ఇంటికొచ్చేదాకా కార్లో ఒక్క మాట మాట్లాడదు" అన్నాడు హేమచంద్ర, మైదానం వైపే చూస్తూ. "మా అమ్మాయి ఇంతమందికి తెలుసని నాకు తెలీదమ్మా."

"వచ్చే సంవత్సరం కూడా ఆడనిస్తరా అంకుల్?"

"ఇప్పుడు వద్దంటే ఊరుకుంటుందా?" అంటూ ఆయన కూతురి సంచీ అందుకోవడానికి వెళ్లాడు.

టీమంతా పిజ్జాకి బయల్దేరింది. "అక్కా, నువ్వూ రా!" అని మధుమిత దూరం నుంచే అరిచింది. షిఫ్ట్ ఉందని కావ్యశ్రీ చెయ్యి ఊపింది. అరుపులూ నవ్వులూ పార్కింగ్ వైపు వెళ్లిపోయాయి. ఆమె బస్‌స్టాప్‌కి నడిచింది. ఆ ఆట సంగతి ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. ఫోన్ తీసి చూస్తే ఆర్మూర్‌లో నడిజాము. జేబులో పెట్టేసింది.

వేర్‌హౌస్‌లో టీ బ్రేక్‌లో పక్కన కూర్చున్న పంజాబీ పెద్దావిడ, "క్యా బాత్ హై, ఈరోజు ముఖం వెలిగిపోతోంది?" అని హిందీలో అడిగింది.

"మ్యాచ్ చూసొచ్చాను ఆంటీ."

"క్రికెటా?"

"కాదు, సాఫ్ట్‌బాల్. ఒక పిల్ల ఉంది, బంతి విసురుతుంది. ఇంకో పిల్ల పట్టాలి. ఆ పట్టే పిల్లకు మొదట్లో చచ్చేంత భయం..." టీ కప్పు బల్ల మీద పెట్టి, వచ్చీరాని హిందీలో, చేతులు తిప్పుతూ మొదలుపెట్టింది. ఆవిడ బిస్కెట్ నములుతూ వింటోంది. థర్డ్ బేస్ అంటే ఏమిటో చెబుతుండగానే గంట మోగింది.


"తరవాత చెబుదువుగాని బేటీ" అంటూ ఆవిడ లేచి తన లైన్‌కి వెళ్లిపోయింది. కావ్యశ్రీ చేతి తొడుగులు వేసుకుని, వస్తున్న డబ్బాల ముందు నిలబడింది.