నువ్వు కూర్చోండి

లా కంపెనీలు మా మరదలికి పంపే జవాబులన్నీ ఎక్కడో ఒక్కడే కూర్చుని రాస్తున్నాడని నా గట్టి అనుమానం. పైన కంపెనీ బొమ్మ మారుతుంది, కింద సంతకం మారుతుంది, మధ్యలో తియ్యదనం మాత్రం మారదు. "మీ అపారమైన అనుభవం మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది. అయితే ఈ అవకాశం మీ స్థాయికి చిన్నదని భావిస్తున్నాం." స్థాయికి చిన్నదట. ఆవిడ పెద్దది కావాలని అడిగిందా? నన్ను ట్రైనీగా పెట్టుకోండి మొర్రో అని కదా అడిగింది. "నీకు వయసైపోయిందమ్మా, వెళ్లిరా" అని ఒక్క ముక్కలో చెప్పే దమ్ము లేక, ముక్క చుట్టూ ఇంత తేనె పూసి పంపుతారు.

మరదలంటే నా భార్య చెల్లెలు. బస్సుల కంపెనీలో ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చుని సగం జీవితం ఊరందరి చేతా తిట్లు తిన్నది. నలభై దాటాక ఏం పుట్టిందో, సాయంత్రం కాలేజీలో చేరి లా చదివింది. పాసయింది కూడా. మా తోడల్లుడు, అంటే ఆవిడ మొగుడు, ఆ రోజు నా చెవిలో "బాబూ, ఇది కోర్టుకెళ్లకముందే మా ఇంట్లో నేను అన్ని కేసులూ ఓడిపోయాను, ఇప్పుడు చట్టప్రకారం ఓడిపోతాను" అన్నాడు.

పాసయితే చాలదట. ఏదైనా కంపెనీలో ఏడాదిపాటు ట్రైనీగా పనిచేసి, వాళ్లు ముద్ర వేసిస్తేనే లైసెన్సు. లేకపోతే ఆ చదువు గోడకు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఇంటర్న్‌షిప్ అని ఒకటి, ట్రైనీ అని ఒకటి, కనిపించిన ప్రతిదానికీ దరఖాస్తు పెట్టింది. ఒకడు ఫోన్ చేసి "పదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని అడిగాడు. "అద్దంలో" అంది మా మరదలు. ఆ కంపెనీ నుంచి తేనె కూడా రాలేదు.

చివరికి ఒకచోటి నుంచి ఇంటర్వ్యూకి రమ్మని పిలుపొచ్చింది. పేరున్న కంపెనీ. ఇదే ఆఖరు, ఇక్కడా కాకపోతే మళ్లీ ఫోన్ ముందు కూర్చుంటాను అని ఇంట్లో చెప్పేసింది. మా ఆవిడ నన్ను తోడు పంపింది. "అక్కడ నోరు మూసుకుని కూర్చోండి" అని కూడా చెప్పింది. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో ఆవిడే చెప్పాలి.

ఆఫీసంతా గాజే. గోడలు గాజు, తలుపులు గాజు, బల్లలు గాజు. దాపరికం లేదని చూపించడానికట. లోపల కుర్రాళ్లంతా చేపల తొట్టెలో చేపల్లా నోళ్లు తెరుస్తూ మూస్తూ తిరుగుతున్నారు, మాట మాత్రం బయటికి రాదు. గోడ మీద పెద్ద అక్షరాల్లో "ఇక్కడ అందరూ సమానమే" అని రాసుంది. దాని కిందే రెండు లిఫ్టులు. ఒకటి కంపెనీలో వాటా ఉన్న భాగస్వాములకు, ఒకటి మిగతావాళ్లకు.

రిసెప్షన్‌లో అమ్మాయి మా ఇద్దర్నీ చూసి చక్కగా నవ్వింది. "ఇంటర్వ్యూకా అండీ? పిల్లలు మాత్రమే లోపలికి వెళ్లాలి. పేరెంట్స్ ఈ సోఫాలో కూర్చోవచ్చు."

మరదలు నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను. "అలాగేనమ్మా. మా పాప బాత్రూంకెళ్లింది. కొంచెం భయస్థురాలు. వచ్చాక నువ్వే కాస్త ధైర్యం చెప్పు."

"అయ్యో, భయమెందుకండీ. నేను చూసుకుంటాను."

మరదలు నా కాలు తొక్కింది. మడమతో. "బావా, ఇవాళొక్కరోజు మనిషిలా ఉండు. నీకు దణ్ణం పెడతాను."

"నేనేం చేశానే? నీ వయసు తగ్గించాను. ఊరికే."

"నా పేరు పిలిచినప్పుడు ఆ అమ్మాయి ముందు నేనేమని లేవాలి?"

"పాపనని లే."

పేరు పిలిచారు. ఆ రిసెప్షన్ అమ్మాయి బాత్రూం వైపు చూస్తూ ఉండగా మరదలు కోటు సర్దుకుని లేచి నిలబడింది. పాపం ఆ అమ్మాయి ముఖం చూడాలి. మరదలి ముఖం మాత్రం నేను చూడలేదు, చూస్తే కాలిపోయేవాణ్ణి.

లోపలికెళ్లింది. గాజులోంచి కనిపిస్తూనే ఉంది. బల్లకి అటువైపున్న వాళ్లు ముగ్గురూ ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడ్డారు. మధ్యలో ఉన్నాయన పెద్ద భాగస్వామి, పెద్దంటే మా అబ్బాయికంటే ఏ కాస్తో పెద్ద. మెడకి టై బిగించుకుని, ఊపిరాడక అందరిమీదా కోపంగా ఉన్నట్టుంటాడు. ఉద్యోగానికొచ్చిన మనిషిని చూసి ఉద్యోగమిచ్చేవాళ్లు లేచి నిలబడ్డం నేనక్కడే చూశాను. ఇది కుదిరే బేరం కాదని అప్పుడే అనిపించింది.

బయటికొచ్చాక చెప్పింది. "సాయంత్రం దాకా ట్రైనీలతో కూర్చోబెట్టి చూస్తారట. పని బాగుంటే తీసుకుంటారట. నువ్వింక ఇంటికెళ్లు."

"వెళ్తాను" అన్నాను. వెళ్లలేదు. సోఫా బాగుంది.

ట్రైనీల గదీ గాజుదే కాబట్టి అంతా చూశాను, తలుపు తెరిచినప్పుడల్లా మాటలూ విన్నాను. ఒకతను తలుపులోంచి తల పెట్టి "ఏయ్, నువ్వు, ఆ కాపీలు తే" అంటాడు, ఒక పిల్ల పరిగెడుతుంది. ఇంకొకామె వచ్చి "నువ్వు రా, నువ్విది టైపు చెయ్" అంటుంది, ఇంకొకడు పరిగెడతాడు. ఎవరి చూపైనా మా మరదలి మీద పడితే మాత్రం నోరు ఆగిపోతుంది. నమస్కారం పెడుతున్నారు. ఒకడు కుర్చీ మార్చి మెత్తది వేశాడు. ఒకమ్మాయి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఇంకో కుర్రాడు ఏసీ ఎక్కువైందా అని అడిగినట్టున్నాడు, చెయ్యి పైకెత్తి చూపించాడు. పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పెళ్లివారింట్లో పెద్ద ముత్తైదువను కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం బయటికొచ్చింది, ముఖం వాడిపోయి ఉంది.

"ఏమైందే లాయరమ్మా?"

"పెద్దాయన పిలిచాడు. ఇక్కడ ట్రైనీలను నువ్వు అంటామండీ, మీకలా పని చెప్పడానికి మావాళ్లకి నోరు రావడం లేదండీ అన్నాడు."

"మరి నువ్వు అనమనకపోయావా?"

"అన్నాను. సార్, నాకేం బాధ లేదు, నన్నూ నువ్వనే అనండి అన్నాను. సరే అని గొంతు సవరించుకుని, 'నువ్వు… కూర్చోండి' అన్నాడు."

నాకు నవ్వాగలేదు. తనకి రాలేదు.

"నవ్వకు బావా. మళ్లీ ప్రయత్నించాడు. 'నువ్వు ఆ ఫైల్ ఇవ్వండి' అన్నాడు. చెమట పట్టింది పాపం. అంతా అయ్యాక, అభ్యంతరం ఇదొక్కటేనండీ, మీ మార్కులు బాగున్నాయి, మీ రాత బాగుంది, కానీ పని చెప్పలేని మనిషిని ట్రైనీగా ఎలా పెట్టుకోను అన్నాడు. సాయంత్రం దాకా చూద్దామన్నాడు. లేకపోతే వచ్చేపోయేవాళ్లను పలకరించే ఉద్యోగం ఒకటుందట, జీతం ఎక్కువేనట, హాయిగా మేడమ్ అని పిలుస్తారట."

"అది లైసెన్సుకి లెక్కలోకొస్తుందా?"

"రాదు."

లోపలికెళ్లిపోయింది. ఇన్నేళ్లు ఫోన్లో ముక్కూముఖం తెలియనివాళ్లంతా దాన్ని నువ్వనే అన్నారు, ఇంకా ఏవేవో అన్నారు. అప్పుడెవరికీ నోరు పడిపోలేదు. ఇప్పుడు అది నోరారా అడుగుతుంటే వీళ్లకు మర్యాద అడ్డొచ్చింది. మర్యాద చూపించి మనిషిని బయటికి తోయడం బాగా చదువుకున్నవాళ్లకే చేతనవును. మాబోటిగాళ్లం తోస్తే చొక్కా పట్టుకుని తోస్తాం, కనీసం తోశారని తెలుస్తుంది.

నాకు ఒళ్లు మండింది. మండినప్పుడు నేను చేసే పని ఒక్కటే.

భోజనాల తర్వాత రిసెప్షన్‌లో అమ్మాయి మారింది. కొత్తమ్మాయి నన్ను చూసి "సార్, మీకు అపాయింట్‌మెంట్ ఉందా?" అంది.

"లేదమ్మా. పెద్ద కేసు. పెద్దాయనతోనే మాట్లాడాలి. ఖర్చు గురించి ఆలోచించను."

ఆ ఆఖరి మాటకి గాజు తలుపులన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. కాఫీ వచ్చింది. మెత్తటి కుర్చీ వచ్చింది. పెద్దాయనే నడిచొచ్చి చెయ్యి కలిపాడు. పొద్దున్నుంచీ ఆ సోఫాలో పడున్నవాణ్ణి ఒక్కడూ మంచినీళ్లు కావాలా అని అడగలేదు. నేను కుర్చీలో సర్దుకుంటుంటే ఆయన తలుపు తీసి "నోట్స్ రాయడానికి ట్రైనీ ఒకరు రండి" అన్నాడు.

పిల్లలంతా ఏదో పనిలో ఉన్నారు. ఖాళీగా ఉన్నది ఒక్కతే. మా మరదలు పుస్తకం పట్టుకుని లోపలికొచ్చింది, నన్ను చూసింది, గుమ్మంలో ఆగిపోయింది. నేను ఎప్పుడూ చూడనట్టు తల పంకించాను. పెద్దాయన "రండి, కూర్చోండి" అన్నాడు. కూర్చుంది. కలం మూత తీసిన చప్పుడు నాకు కత్తి తీసినట్టు వినిపించింది.

"చెప్పండి సార్" అన్నాడు పెద్దాయన.

"మా పక్కింటాయన కుక్క నా చెప్పు ఎత్తుకెళ్లిందండీ."

"చెప్పులు."

"చెప్పు. ఒకటే. ఎడమది."

నవ్వుతాడనుకున్నాను. కనుబొమ్మలు దగ్గరికి తెచ్చి వెనక్కి వాలాడు. "ఇది పైకి కనిపించేంత చిన్న విషయం కాదు. ఎడమది పోతే కుడిది కూడా నిరుపయోగం. అంటే నష్టం రెట్టింపు." మరదలి వైపు తిరిగి "రాసుకోండి" అన్నాడు. రాసుకుంది.

"కుడి చెప్పు ఇంకా బాగానే ఉందండీ. అదే నా బాధ. రోజూ గుమ్మంలో దాన్ని చూస్తే గుండె తరుక్కుపోతోంది."

"మానసిక క్షోభ. రాసుకోండి. కుక్కకి ఇంతకుముందు ఇలాంటి చరిత్ర ఉందా?"

"మా వీధిలో అందరూ ఒంటి చెప్పుతోనే తిరుగుతున్నారండీ."

"అయితే సామూహిక దావా" అన్నాడు, కళ్లు మెరిశాయి. "వాళ్లందర్నీ పట్టుకురాగలరా?"

"కుంటుకుంటూ వస్తారు."

కలం ఆగింది. ఓరకంట చూస్తే మరదలు పుస్తకం మూసేస్తోంది. నేను ఇంకొంచెం లాగితే ఆయన కుక్కకి నోటీసు కూడా రాసేవాడే, కానీ తను లేచి నిలబడింది. నా వైపు తిరిగి ఫిర్యాదుల ఫోన్ దగ్గర నేర్చిన గొంతుతో అంది. "ఆ చెప్పు గోల ఇంక చాలు. లేవండి. వెళ్లండి."

పెద్దాయన ముఖం మెడ దగ్గర్నుంచి ఎర్రబడుతూ పైకొచ్చింది. ఎంతైనా ఖర్చుపెట్టే క్లయింటు, వీధంతటికీ ఒకే దావా, చేతిలోంచి జారిపోతున్నాయి మరి.

"నీకేమైనా బుద్ధుందా? క్లయింట్‌తో ఇలాగేనా మాట్లాడేది? ఎవరనుకుంటున్నావ్ నువ్వు? కూర్చో. నోరు మూసుకుని రాసుకో."

గాజు గోడకవతల చేపలన్నీ ఈత ఆపేశాయి.

ఆయనకీ వినపడింది, తను అన్నది. అన్న నోటి మీదికి చెయ్యి వెళ్లింది. "అయ్యో, క్షమించండి మేడమ్, నేను…"

"వద్దు సార్" అంది మరదలు. కూర్చోమన్నాడు కాబట్టి కూర్చునే అంది. "ఇంత కష్టపడి వచ్చిన మాట, వెనక్కి పంపకండి. నువ్వు అన్నారు. నోరు మూసుకో అని కూడా అన్నారు. పొద్దున మీరు చెప్పిన అభ్యంతరం అదొక్కటే కదా."

ఆయన టై కాస్త వదులు చేసుకున్నాడు.

"ఇంకోటి కూడా చెప్పాలి సార్. ఈయన క్లయింటు కాదు, మా బావ. కుక్కా లేదు, చెప్పూ పోలేదు. మీ సమయం వృథా అవుతుంటే చూస్తూ రాస్తూ కూర్చోలేకపోయాను. ఇది చెప్తే నన్ను పంపించేస్తారని తెలుసు."

నేను కాళ్లు బల్లకిందికి లాక్కున్నాను, రెండు చెప్పులతో సహా. ఆయన వంగి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను చాలామంది చేత తిట్లు తిన్నాను, చూపుతో అంత పొడుగు తిట్టు మాత్రం ఎవరూ తిట్టలేదు. గాజు బయట ట్రైనీలంతా వరసగా నిలబడి, ఆయనేమంటాడా అని కళ్లార్పకుండా చూస్తున్నారు. అద్దాలు కట్టించుకున్నది ఆయనే మరి. లోపల మాటా మార్చలేడు, ముఖమూ దాచలేడు.

"ఈ బావగారి సంగతి నీకు ముందే తెలుసా?" అన్నాడు మరదలితో, మెల్లగా.

"గుమ్మంలో చూసేదాకా తెలీదు సార్. ఇంటికెళ్లమన్నాను, వెళ్లలేదు."

"మరి ఎడమ చెప్పు, కుక్క చరిత్ర, సామూహిక దావా… అదంతా రాశావా?"

"రాశాను సార్."

"చించెయ్" అన్నాడు. "రేపు పొద్దున్నే రా. ఆలస్యమైతే ఊరుకోను. ముందు ఈ మనిషిని బయటికి పంపు."

"అలాగే సార్" అంది. కాగితాలు చించి నా చొక్కా జేబులో కుక్కింది, అక్కడున్న అందరికీ ఇచ్చిన మర్యాద నాకు మాత్రం ఇవ్వకుండా చెయ్యి పట్టి లేపింది. "లే."

"కాఫీ ఇంకా ఉందే."

"లే బావా, నాకు పనుంది."

మిగతావాళ్ల లిఫ్టు దాకా అలాగే నడిపించుకొచ్చి, నన్ను లోపలికి తోసి, మీట నొక్కి, తలుపులు మూసుకోకముందే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.