గంజి పెట్టిన ఎడారి

మార్కండేయులుకి కళ్ళు కుట్టాయి. ఈ మాట అటు తిప్పి ఇటు తిప్పి మర్యాదగా చెప్పొచ్చు గానీ, ఎందుకూ? కుట్టాయంటే కుట్టాయి. అదీ ఎవరో దారినపోయేవాణ్ణి చూసి కాదు. తానే పక్కన కూచోబెట్టుకుని పని నేర్పిన మణికుమార్‌ని చూసి.

2003 వేసవిలో గవర్నర్‌పేటలో ఒక హాలు అద్దెకి తీసుకుని ఎవరో హాబీ ఎగ్జిబిషన్ పెట్టారు. స్టాంపులవాళ్ళు, పాత నాణేలవాళ్ళు, కుండీల్లో మరుగుజ్జు చెట్లు పెంచేవాళ్ళు, అందరూ వచ్చారు. చివర్న ఒక బల్ల మీద మార్కండేయులు చేసిన యుద్ధ ట్యాంకులు వరసగా ఉన్నాయి. పక్క బల్ల మీద మణికుమార్ చేసిన మిలిటరీ లారీ, ఒకే ఒక్కటి. అసలు బండిలో ముప్ఫై అయిదో వంతు ఉంటాయి అవి. ప్లాస్టిక్ ముక్కలు కిట్టుగా వస్తాయి, వాటిని అతికించడం ఎవరైనా చేస్తారు. ఆ తరవాత దానికి రంగు వేసి, ఆ రంగు ఎండకి వెలిసినట్టు చేసి, అంచుల్లో పెచ్చులు లేపి, మీద దుమ్ము పట్టించి, ఇది ఎడారిలో ఏళ్ళ తరబడి తిరిగొచ్చిన బండి అనిపించాలి. అదీ విద్య. బెజవాడలో ఆ విద్య తెలిసినవాడు తానొక్కడే అనుకుంటూ మార్కండేయులు చాలాకాలం హాయిగా బతికాడు.

ఆ మధ్యాహ్నం ఆయన భార్య జ్యోతిర్మయి క్యారేజీ పట్టుకుని వచ్చింది. మొగుడి ట్యాంకుల ముందునుంచి, ఇంట్లో బీరువా పక్కనుంచి నడిచినట్టు నడిచిపోయి, మణికుమార్ లారీ దగ్గర టక్కున ఆగింది. వంగి చూసింది.

"ఏవండీ, ఇది చూస్తుంటే నోరెండిపోతోందండీ. కాసిని మంచినీళ్ళు ఇటివ్వండి" అంది. వేళాకోళానికి కాదు, నిజంగానే గటగటా తాగింది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చేసిన ఏ ట్యాంకుని చూసీ ఆ మహాతల్లి గుక్కెడు నీళ్ళు అడగలేదు. తీసుకెళ్ళి చూపిస్తే "బాగుందండీ" అనేది. ఉప్మా ఎలా ఉందని ఆవిడ అడిగినప్పుడు పేపర్లోంచి తల ఎత్తకుండా ఆయన అంటాడే, "బాగుందే" అని, సరిగ్గా అలాంటి బాగుందండీ. ఆ రోజు క్యారేజీలో గుత్తివంకాయ కూర ఉన్నా ఆయనకి ముద్ద దిగలేదు.

మార్కండేయులుది పెడన. మగ్గాల ఇల్లు. ఇప్పుడు వన్‌టౌన్‌లో బ్లౌజుపీసుల మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాడు. చీర అంచు ఇలా చూపిస్తే చాలు, "ఇది నెమలికంఠం కాదమ్మా, నాలుగు ఉతుకులు పడ్డ నెమలికంఠం" అంటూ అరలోంచి సరైన తాను లాగి పడేస్తాడు. ఆ కంటితోనే ట్యాంకులకీ రంగులు కలుపుతాడు. మణికుమార్‌ది బందరు అవతల సముద్రం ఒడ్డున ఊరు. చేపల హోల్‌సేల్ వ్యాపారం మీద వచ్చి కృష్ణలంకలో కాపురం పెట్టాడు. పెళ్ళానికి బ్లౌజుపీసు కొనడానికని షాపుకి వచ్చి, గల్లాపెట్టె వెనక అరలో ట్యాంకుని చూసి, బ్లౌజుపీసు సంగతే మరిచిపోయాడు. ఆ పూటే "గురువుగారూ" అన్నాడు. ఆ పిలుపు మార్కండేయులుకి ఎంత ముద్దుగా వినపడిందంటే, బ్రష్షు కడగడం దగ్గర్నుంచి అంతా దగ్గరుండి నేర్పాడు. ఇప్పుడు అదే పిలుపు వింటే ఒళ్ళు మండుకొస్తోంది.

ఎగ్జిబిషన్ చూసినవాళ్ళలో రిటైర్డ్ సుబేదార్ సంజీవరావు ఒకరు. రాజస్థాన్ ఇసుకలో ట్యాంకు నడిపిన మనిషి. కంకిపాడులో మాజీ సైనికులంతా కలిసి సొంతానికి ఒక హాలు కట్టుకుంటున్నారు. ఆయన పనిగట్టుకుని షాపుకి వచ్చి, బ్లౌజుపీసులు బేరమాడుతున్న ఆడవాళ్ళ మధ్య స్టూలు వేసుకుని కూచున్నారు.

"నేను నడిపిన టి-55 ట్యాంకు మార్కండేయులు గారూ, ఇసుకలో నిలబడినట్టు చెయ్యాలి. గుమ్మంలోకి అడుగుపెట్టగానే అద్దాల పెట్టెలో కనపడాలి. కింద ఇత్తడి పలక మీద చేసినవాళ్ళ పేరు వేయిస్తాం. ఆ మణికుమార్‌తో కూడా చెప్పాను. చెరొకటి చెయ్యండి. పెట్టె ఒక్కటే, మరి ఏమనుకోకండి."

ఏమనుకోకపోవడం ఎలా? తాత నేసిన చీరల మీద తాత పేరు లేదు. తాను అమ్మే బ్లౌజుపీసుల మీద తన పేరు ఉండదు. ఇన్నాళ్ళకి ఒక్కచోట, ఇత్తడి మీద, నలుగురూ చదివేలా పేరు పడే యోగం వస్తే, దాని పక్కన ఆ చేపల మణికుమార్ నిలబడ్డాడు. ఆ పలక మీద తన పేరే ఉండాలి. వాడి పేరు పడిందంటే తాను మళ్ళీ బ్రష్షు ముట్టుకోడు. అంతే.

ఆదివారం అరటిపళ్ళు పట్టుకుని కృష్ణలంక వెళ్ళాడు. చూసిపోదామని వచ్చానన్నాడు గానీ, వెళ్ళింది కూపీ లాగడానికే. మణికుమార్‌కి ఆ అనుమానమే రాలేదు. గురువుగారు గడప తొక్కారని కాలు నిలవక, కాఫీ పెట్టించి, అడగనివి కూడా చెప్పేశాడు.

"మా ఊళ్ళో చేపలారబెట్టే ఇసుక దిబ్బలుంటాయి కదండీ. గాలి ఎటు కొడితే అటు వైపంతా గీరేసినట్టుంటది. వెనకవైపు సందుల్లో దుమ్ము పేరుకుంటది. లారీ మీదా అలాగే పెట్టానండి. జల్లెడ పట్టిన పొడిని టర్పెంటైన్‌లో కలిపి అద్దుతానంతే. టర్పెంటైన్ ఎగిరిపోద్ది, దుమ్ము మిగులుద్ది."

"ఏ జిగురూ కలపవా?"

"లేదండి. జిగురు కలిపితే మెరుస్తది. ఎడారికి ఆ తడి మెరుపు ఎక్కడిదండీ?"

తాను ఇన్నాళ్ళూ ఫెవికాల్ కలుపుతున్నాడు. అందుకే తన ఎడారంతా వాన వెలిసిన రోడ్డులా ఉంటోంది! ఆ క్షణానే మార్కండేయులు బుర్రలో మగ్గం ఇల్లు మెదిలింది. గంజి! నూలుకి పెట్టే పల్చటి బియ్యపు గంజి. ఆరితే దారం బిర్రుగా నిలుస్తుంది, మెరుపు ఇంతైనా కనపడదు. అందులో ఇసుక పొడి కలిపితే?

"ఏంటి గురువుగారూ, ఏదో ఆలోచిస్తున్నారు?" అన్నాడు మణికుమార్.

"ఏం లేదయ్యా, షాపు గొడవ" అన్నాడు మార్కండేయులు. కాఫీ తాగి, వాడు దాచకుండా చెప్పిందంతా మూటకట్టుకుని, తనది మాత్రం మింగేసి ఇంటికొచ్చాడు. ఆ ఒక్క మాటా చెప్పి ఉంటే, ఉప్పుగాలిలో పుట్టి పెరిగినవాడు గనక, "వద్దండీ, మన చెమ్మకి ఆగదు" అనేవాడు. చెప్తేగా!

గంజి కాచింది తల్లి పున్నమ్మ. కొడుకు బొమ్మలకి గంజి అడగడం ఆవిడకి నవ్వు తెప్పించింది గానీ చెయ్యి మాత్రం పాత పద్ధతిలోనే వెళ్ళింది. దింపుతూ, "మైలుతుత్తం చిటికెడు పడెయ్యరా. లేకపోతే బూజు పట్టుద్ది" అంది.

"అది నీలం కదమ్మా. ఇసుకకి నీలం రంగొస్తే నా కొంప మునుగుతుంది."

"నూలుకి నేనెప్పుడూ అది లేకుండా పెట్టలేదు నాయనా. తరవాత నీ ఇష్టం."

ఆయన ఇష్టమే నెగ్గింది. చెప్పొద్దూ, పని మాత్రం అద్భుతంగా కుదిరింది. సైన్యం ఆకుపచ్చ ఎండకి ఎలా తెల్లబడుతుందో, పెచ్చు లేచినచోట కింద పాత రంగు ఎలా తొంగిచూస్తుందో, అంతా ఆ మ్యాచింగ్ సెంటర్ కన్ను పట్టేసింది. గంజిలో కలిపిన ఇసుక చక్రాల మీద, గొలుసుల మీద రాయిలా ఆరింది. గోటితో గీకితే గానీ రాలదు.

సంక్రాంతి వెళ్ళాక, హాలు తెరవడానికి ముందు, ఇద్దరూ కంకిపాడు తీసుకెళ్ళి ఒకే బల్ల మీద పెట్టారు. సంజీవరావు ముందు మార్కండేయులు ట్యాంకు చూసి, "శభాష్, రంగు అచ్చం అదేనండీ" అన్నారు. తరవాత మణికుమార్ ట్యాంకు ముందు వంగారు. వంగినవారు లేవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ వంగారు.

"మధ్యాహ్నం పూట దీని మీద చెయ్యి వేస్తే బొబ్బలెక్కేవి" అన్నారు, ఎవరితోనూ కానట్టు.

మార్కండేయులుకి అర్థమైపోయింది. పలక పోయింది, పేరు పోయింది. అప్పుడు ఆయన నోట్లోంచి ఒక మాట వచ్చింది. ఆ మాట ముందే అనుకుని తెచ్చుకున్నాడో, అప్పుడే తోచిందో ఆ దేవుడికెరుక.

"సార్, ఒక్కసారి దాని మీద ఊదండి."

సంజీవరావు అయోమయంగా చూసి ఊదారు. మడ్‌గార్డు మీది దుమ్ము లేచి బల్ల మీద పడింది.

"ఇప్పుడు నాది ఊదండి. ఊదడం కాదు, రుద్దండి. వేలితో రుద్దండి సార్! నలుగురూ వచ్చిపోయేచోట ఏళ్ళపాటు ఉండాల్సింది కదా."

ఆయన రుద్దారు. ఏమీ రాలలేదు. సుబేదారుగారు మణికుమార్ వైపు ఇబ్బందిగా చూశారు. మణికుమార్ బల్ల మీద పడ్డ దుమ్ముని అరచేత్తో మెల్లగా ఒకచోటికి చేరుస్తూ, "నిజమేనండి. గురువుగారిది గట్టిదండి" అన్నాడు.

అలా ఇత్తడి పలక మీద మార్కండేయులు పేరు పడింది. షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. పెడన నుంచి చుట్టాలను పిలిపించి, వ్యాను మాట్లాడి మరీ చూపించాడు. జ్యోతిర్మయి అందరితో పాటు చూసి "బాగుందండీ" అంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నవాళ్ళెవరూ లేరు. ఆ ముల్లు మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

వానలు పడ్డాయి. ఏలూరు కాలవ నిండుగా పారుతోంది, ఇంట్లో పప్పుల డబ్బాలు కూడా చెమ్మగిల్లుతున్నాయి. ఒక పొద్దున్న సంజీవరావు ఫోన్ చేశారు.

"మార్కండేయులు గారూ, మీ ఎడారిలో పచ్చిక మొలిచిందండీ."

వేళాకోళం అనుకున్నాడు. బస్సెక్కి వెళ్ళి చూస్తే, ట్యాంకు గొలుసుల నిండా ఆకుపచ్చ నూగు. ఇసుక మీద బూడిదరంగు మచ్చలు. ఫిరంగి గొట్టం మీద తెల్లటి బూజు, పాచిపోయిన ఇడ్లీ మీద వచ్చేలాంటిది. కింద ఇత్తడి పలక మాత్రం తళతళలాడుతోంది. ఎవరో రోజూ తుడుస్తున్నట్టున్నారు. చదువుకునేవాళ్ళకి పేరు చక్కగా కనపడుతోంది.

"బాగుచేసి పెడతాను సార్" అని తల దించుకుని వచ్చేశాడు. ఎలా బాగుచెయ్యాలి? గంజి కడిగేస్తే దుమ్ము పోతుంది. మళ్ళీ దుమ్ము పట్టించాలంటే మణికుమార్ పద్ధతే గతి. ఆ పద్ధతి వాడు నోరారా చెప్పాడు, చెయ్యడమే తరవాయి. కానీ వాడి పద్ధతితో చెయ్యడానికి చెయ్యి రాలేదు. తెలిసి తెలిసి తన ట్యాంకు మీద వాడి దుమ్ము చల్లుకోవడమా? సంజీవరావు ఫోన్ చేస్తే జ్వరమని చెప్పించాడు. మళ్ళీ చేస్తే ఊళ్ళో లేడని చెప్పించాడు. తరవాత ఫోన్లు ఆగిపోయాయి.

పంద్రాగస్టు ముందర కబురొచ్చింది. ట్యాంకు బాగైపోయిందనీ, జెండా వందనం రోజు శాలువా కప్పుతామనీ, భార్యతో సహా తప్పకుండా రావాలనీ. ఎవరు బాగుచేశారో కబురు తెచ్చినవాడు చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

హాలు గుమ్మంలోనే మణికుమార్ ఎదురొచ్చాడు. నలుగురికీ దూరంగా పక్కకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించాడు.

"మీ రంగు ముట్టుకోలేదండి గురువుగారూ. గోరువెచ్చటి నీళ్ళతో గంజి కడిగేసి, పైన దుమ్మొకటీ నేను వేశానండి. సుబేదారుగారికి తప్ప ఎవరికీ తెలీదు."

"పలక మార్చలేదేం?"

"మారుస్తామన్నారండి. మారిస్తే నేను చెయ్యనన్నాను. నాకు పని నేర్పింది మీరు కదండీ."

ఏదో ఒకటి అనాలి గనక, "ఊదితే పోతుందిగా మరి" అన్నాడు మార్కండేయులు.

"అద్దాల పెట్టెలో ఊదేవాళ్ళెవరున్నారండీ?" అన్నాడు మణికుమార్ అమాయకంగా. వాడి మాటలో ఎత్తిపొడుపు ఉంటే ఎంత బాగుండేది! వెతికినా దొరకలేదు.

జ్యోతిర్మయి అప్పటికే పెట్టె దగ్గర నిలబడి ఉంది. జనం తోసుకుంటున్నా కదలడం లేదు. ఆయన పక్కకి వెళ్ళి చూశాడు. తన ట్యాంకే. తాను కలిపిన రంగే. కానీ గాలి ఎదురుకొట్టిన వైపు దుమ్ము నిలవక ఇనుము గీసుకుపోయినట్టుంది. వెనకవైపు సందుల్లో దుమ్ము మెత్తగా కూచుంది. దాన్ని నడిపినవాడు ఇప్పుడే దిగి నీడ వెతుక్కుంటూ వెళ్ళినట్టుంది. పదేళ్ళు కూచున్నా తన చేతికి అది రాదు.

"ఏవండీ" అంది జ్యోతిర్మయి. కళ్ళు చెమర్చి ఉన్నాయి. "ఇన్నేళ్ళూ ఇంట్లో మీరు చేస్తున్న పనేంటో నేను కళ్ళు తెరిచి చూడలేదండీ. పాపిష్టిదాన్ని. ఇంత గొప్పగా చేస్తారా మీరు?"

ఆయన నోరు తెరిచాడు. నాది కాదే, అనాలి. రెండే మాటలు. ఈలోగా సంజీవరావు వచ్చి శాలువా కప్పారు, జనం చప్పట్లు కొట్టారు, జ్యోతిర్మయి అందరికంటే గట్టిగా కొట్టింది. తెరిచిన నోరు మూసుకుని మార్కండేయులు చేతులు జోడించాడు. ఆ చేతుల సందులోంచి ఇత్తడి పలక కనపడుతోంది. ఆ పలక మీది మార్కండేయులు ఎవడో గానీ, ఎంత అదృష్టవంతుడు! వాడికి అంత ట్యాంకు, అంత పేరు, జ్యోతిర్మయి కళ్ళలో అన్ని నీళ్ళు. వాణ్ణి చూసి ఈ మార్కండేయులుకి కడుపు భగ్గున మండిపోయింది.