వైద్యురాలు వెళ్ళిపోయిన తరువాత

కుక్కర్ మూత బిగిస్తుండగా ఫోన్ మోగింది. పాత ఆఫీసులో పెద్దసారు. ఆయన గొంతులో అదే చనువు, పదేళ్ళు మధ్యలో గడవనట్టు.

"మన ఆట మళ్ళీ విడుదల చేస్తున్నామమ్మా. కొత్త బొమ్మలు, కొత్త సంగీతం. నువ్వు రాసిన ఆ చివరి భాగం మాత్రం కాస్త సరిచెయ్యాలి. వైద్యురాలు తిరిగొచ్చి, తనని క్షమించమని మిగతావాళ్ళని అడిగితే చాలు. ఒక్క పేజీ. నీకదెంత పని!"

"ఆలోచించి చెప్తాను సార్," అందామె. ఒకప్పుడైతే "అలాగే సార్" అనేసేది.

అప్పట్లో ఆమె వీడియో గేములకి కథలు రాసేది. "బొత్తాలు నొక్కే ఆటకి కథెందుకో!" అని భర్త స్నేహితుల ముందు నవ్వేవాడు. కానీ ఆ ఆటని జనం ఆడింది కథ కోసమే. ఒక కత్తివీరుడు, ఒక విలుకాడు, ఒక దొంగ, ఒక వైద్యురాలు కలిసి క్రూరుడైన రాజుని గద్దె దించడానికి దేశమంతా తిరుగుతారు. వాళ్ళు ఎటు వెళ్ళాలో, ఎవరితో ఏం మాట్లాడాలో ఆడేవాళ్ళే ఎంచుకుంటారు. మగవాళ్ళు ముగ్గురూ దెబ్బలు తిని వస్తారు, వైద్యురాలు కట్లు కడుతుంది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ తిని వస్తారు. ఆట విరగబడి అమ్ముడుపోయింది. గెలిచిన ఏడాదికి వాళ్ళంతా ఎలా ఉన్నారో చూపించే చిన్న కొసరు భాగం రాయమన్నారు. విందులు, వినోదాలు, ఒకటో రెండో యుద్ధాలు ఉంటాయనుకున్నారంతా. ఆమె రాసింది వేరు. ఆ భాగం సగంలో, ఒక వంతెన మీద, వైద్యురాలు మందుల సంచి కింద పెట్టి, "ఇక మీ గాయాలు మీరు చూసుకోండి" అని వెళ్ళిపోతుంది. ఆడేవాళ్ళు ఏం ఎంచుకున్నా, ఎంత బతిమాలినా ఆగదు.

అంతే, ఆడేవాళ్ళు రెండుగా చీలిపోయారు. డబ్బు పోసి కొనుక్కున్నది ఇందుకా అని కొందరు తిట్టిపోశారు. ఆ వంతెన దగ్గర ఆట ఆపి ఏడ్చామని కొందరు ఆడవాళ్ళు రాశారు. విడుదలయ్యేదాకా "మన ఆలోచన" అన్న పెద్దసారు, తిట్లు మొదలయ్యాక అందరి ముందూ "అది పూర్తిగా ఆవిడ ఆలోచనే" అన్నాడు. అదే రోజుల్లో అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. "అక్కడ నీకెలాగూ మనశ్శాంతి లేదు కదా, మానెయ్. నీ మంచికే చెప్తున్నా," అన్నాడు భర్త. మానేసింది. ఆ తరువాత ఆ ఇంట్లో ఆమె నెత్తిన పడిన ప్రతి పనీ ఆమె మంచికే పడింది.

మళ్ళీ విడుదలవుతోందని విని, ఆదివారం మధ్యాహ్నం కూతురే ఆ పాత ఆటని టీవీకి కలిపింది.

"మా క్లాసులో ఇప్పటికీ కొట్టుకుంటారమ్మా దీని గురించి. నాన్నే నన్ను ఆడనివ్వలేదు, చెత్త ముగింపని."

"ఎవరు రాశారో చెప్పాడా?"

కూతురు తల అడ్డంగా ఊపింది. ఆమె రిమోట్ అందుకుంది. వేళ్ళు తడబడ్డాయి, కత్తివీరుణ్ణి రెండుసార్లు ఏట్లో పడేసింది. కూతురు పడీపడీ నవ్వింది. వంతెన దగ్గర తన వాక్యం తనకే వినిపించినప్పుడు మాత్రం చెవులు వేడెక్కాయి. బాగుంది. నిజంగా బాగుంది. ఎవరేమన్నా ఈ వాక్యం తనది. ఆ తరువాత ముగ్గురు మగవాళ్ళూ మంట చుట్టూ కూర్చుని వైద్యురాలిని తలుచుకున్నారు. కత్తివీరుడు ఏడ్చాడు. దొంగ ఆమె సంచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. తను ఎంత ముద్దుగా రాసిందో వాళ్ళ దుఃఖాన్ని!

"మరి ఆ పిల్ల ఎక్కడికి పోయిందే?"

వెనక కుర్చీలో అత్తగారు. నిద్రపోతోందనుకుంది.

"వెళ్ళిపోయిందత్తయ్యా."

"అదే, ఎక్కడికి? ఏం తింటోంది, ఎక్కడ పడుకుంటోంది?"

"చూపించలేదు."

"వీళ్ళ ఏడుపు ఇంతసేపు చూపించారు, దాన్ని చూపించడానికేం రోగం?"

తిట్టినవాళ్ళు ఎందుకు వెళ్ళిందన్నారు. మెచ్చుకున్నవాళ్ళు వెళ్ళి మంచిపని చేసిందన్నారు. ఎక్కడికని ఏ ఒక్కరూ అడగలేదు. రాసిన తనే అడగలేదు. వైద్యురాలిని వంతెన చివరిదాకా సాగనంపి, తను మాత్రం వెనక్కి తిరిగొచ్చి ఆ ముగ్గురి పక్కనే కూర్చుంది, వాళ్ళ కన్నీళ్ళు తుడుస్తూ.

మర్నాడు తనే ఫోన్ చేసింది.

"తిరిగి రావడం రాయను సార్. వెళ్ళాక ఏం చేసిందో రాస్తాను. మొదట్లోనే నా పేరు కనపడాలి."

"వెళ్ళాక సంగతి ఎవరిక్కావాలమ్మా!"

"మా అత్తగారికి."

"సరే, రాసి పంపు, చూద్దాం," అన్నాడు చివరికి.

భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. తెల్లారింది, వైద్యురాలు లేచింది అని రాసింది. తరువాత? పొయ్యి వెలిగించింది. ఎవరి కోసం? కొట్టేసింది. ఎవరో గాయంతో తలుపు తట్టారు. మళ్ళీ అదేనా? కొట్టేసింది. లోపల్నుంచి భర్త "నీలం చొక్కా ఎక్కడ?" అని కేకేస్తే తలెత్తకుండానే "కింది అరలో, తువ్వాళ్ళ వెనక" అంది. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆమె నోటికి తెలుసు. ఎవరూ పిలవకుండా లేచిన ఆడమనిషి మొట్టమొదట ఏం చేస్తుందో ఆమెకి తెలియదు. ఎంత ఆలోచించినా తెలియలేదు.

నాలుగు రోజులకి, ఒక సాయంత్రం చిన్న సంచీతో గుమ్మం దగ్గర నిలబడింది.

"ఊరి చివర గది తీసుకున్నానండీ, రాసుకోవడానికి."

"ఇంట్లో రాసుకోవద్దని ఎవరన్నారు?" భర్త తెల్లబోయాడు.

"ఎవరూ అనలేదు."

"మరి అమ్మ మందులు?"

"తెల్లది పొద్దున, పసుపుది సాయంత్రం," అంది అత్తగారు కుర్చీలోంచి. "నాకు తెలీదట్రా? అది ఇస్తోంది కదా అని ఊరుకున్నా."

"ఎప్పుడొస్తావ్?" అన్నాడతను. గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ భయం చూస్తే ఆమెకి జాలేసింది. జాలేసినా సంచీ కింద పెట్టలేదు.

"వైద్యురాలి సంగతి తెలిశాక," అంది.

ఆ గదిలో ఒక మంచం, ఒక బల్ల, రోడ్డు వైపు ఒక కిటికీ. పొద్దున మెలకువ వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే నేల మీదికి దిగాయి. ఎవరూ పిలవలేదు. పాలవాడు రాలేదు, కుక్కర్ కూయలేదు. దిగిన కాళ్ళని మళ్ళీ పైకి తీసుకుని దుప్పటి కప్పుకుంది. ఎండ కిటికీ దాటి, గోడ దిగి, మంచం దాకా వచ్చేవరకూ అలాగే ఉండిపోయింది. అప్పుడు చెయ్యి చాపి, బల్ల మీది కాగితం అందుకుని, పడుకునే రాసింది.

"బాగా పొద్దెక్కింది. వైద్యురాలు ఇంకా లేవలేదు."