ముహూర్తాలు లేని రోజుల్లో

నేను ఒక ఫ్రిజ్‌ని. ఎనిమిదేళ్ళు ఒక కూల్‌డ్రింకుల కొట్లో సీసాలు చల్లబరిచాను. కొట్టు మూతపడ్డాక దాతల సంఘంవారు నన్ను చవగ్గా కొని, పట్నంలో బస్టాండు పక్కన రేకుల పందిరి కింద నిలబెట్టారు. నా తలుపు మీద ‘ఆహార నిధి’ అని చిన్న అక్షరాలతో, దాతల పేర్లు పెద్ద అక్షరాలతో రాయించారు. రిబ్బను కత్తిరించిన రోజున నాలో ఉన్న పులిహోర పొట్లాలకంటే నా ముందున్న ఫోన్లే ఎక్కువ.

తిండి ఫంక్షన్ హాళ్ళనుంచి వచ్చేది. పెళ్ళివారు తినగా మిగిలిన బిర్యానీ, వంకాయ కూర. వాటికోసం వచ్చేవాళ్ళలో వరహాలమ్మ ఒకతె. ముప్పై ఏళ్ళు రొయ్యల షెడ్డులో ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు వొలిచిన మనిషి. వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ డిపోలో మిషను ‘నువ్వు వరహాలమ్మవి కావు’ అంది, బియ్యం ఇవ్వలేదు. మూడు నెలలు బియ్యం తీసుకోలేదు కాబట్టి అవసరం లేదన్నట్టేనని ఆమె కార్డు ఆపేశారు. ఈ తర్కం విని నాలాంటి ఇనుపడబ్బాకే తల తిరిగింది.

కార్డు తిరిగి ఇమ్మని ఆమె అర్జీ పెట్టుకుంది. పెళ్ళిళ్ళు జోరుగా సాగుతున్న రోజుల్లో లోవరాజు అనే రేషన్ ఆఫీసు ఉద్యోగి విచారణకు వచ్చి, నా ముందు నిలబడ్డ ఆమె చేతిలో పొట్లం చూశాడు.

“రోజూ బిర్యానీయేనా! మా ఇంట్లో ఆదివారం మాత్రమే మామ్మగారూ.”

“నా కార్డు సంగతేంటి బాబూ?”

“తిండికి లోటు లేదు కదండీ!”

‘ఆహార సదుపాయం కలదు’ అని రాసుకుపోయాడు. అర్జీ కొట్టేశారు.

నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషికి రోజూ అన్నం పెడతానని నేనెప్పుడు మాటిచ్చాను? మాటిచ్చిన సర్కారు, ఎవరో పెళ్ళిలో మిగిల్చిన మెతుకుల్ని చూపించి తప్పుకుంది.

తరవాత మూఢం వచ్చింది. ముహూర్తాల్లేవు. హాళ్ళకు తాళాలు. నాలో రెండు నీళ్ళసీసాలు, వాడిపోయిన నిమ్మకాయ. నాలుగు రోజులు వరహాలమ్మ తలుపు తీసి చూసి వెళ్ళిపోయింది. ఐదోరోజు కూడా నాలో తిండి లేదు. నా ముందు మరో ముగ్గురు ఆడవాళ్ళు ఉత్త చేతులతో నిలబడి ఉన్నారు. అటుగా పోతున్న లోవరాజును ఆమె ఆపింది.

“పంతులుగారు పెళ్ళిళ్ళు వద్దన్నారంట. నా కడుపుకి మూఢమని ఎవరు చెప్పాలి బాబూ?”

“నేనేం చెయ్యను మామ్మగారూ? మళ్ళీ అర్జీ పెట్టుకోండి.”

వరహాలమ్మ నా వెనక్కి వచ్చి ప్లగ్గు పీకేసింది.

“అయ్యో, అదేంటండీ! సంఘం వాళ్ళు ఊరుకోరు!”

“రమ్మను. దీన్ని చూసేగా నా కార్డు కొట్టేశారు! ఇది చచ్చిపోయిందని మీ ఆఫీసరుకి నేనే చెప్తాను. నడు!”

అతని చొక్కా చెయ్యి పట్టుకుని ముందుకు కదిలింది. “ఉండవే, మేమూ వస్తాం,” అంటూ ఆ ముగ్గురూ వెనకే నడిచారు.

నా మోటారు ఆగింది. వెళ్ళేవాళ్ళెవరూ తలుపు మూయలేదు. బస్సులు దిగినవాళ్ళందరికీ నా ఖాళీ అరలు కనబడుతున్నాయి. కనబడనీ.