చివరి ఇంటి గంట

ఆ ఉదయం పంపుహౌసు తోటలో కూలి వేషాల కోసం మా ముఖాలకు బురద పూశారు. బురద కలపడానికి నీళ్లు కావాలి కదా, మేకప్ వేసే మనిషి మినరల్ వాటర్ డబ్బా ఎత్తి ఎర్రమట్టి బకెట్లో గుడగుడా వంచేశాడు. వరసలో నిలబడ్డ ఆడవాళ్లం అందరం ఆ బకెట్ వైపే చూశాం. తోట గోడకు ఇవతల మా బస్తీలో పసిపిల్లల ముఖం కడగడానికి నీళ్లు లేవు.

"జెర కదలకుర్రి అక్కా. గరీబోళ్ల లెక్క కనవడాలె గద," అన్నాడు నా చెంపకు మట్టి రుద్దుతూ.

"మేం గరీబోళ్లమే బిడ్డా. మళ్ల మట్టెందుకు?" అంది నా వెనకున్న దేవమ్మ.

అతను నవ్వాడు. కొత్త చీరలు కొని, కత్తెరతో చింపి, మాకు కట్టబెట్టారు. మా ఒంటిమీది పాత చీరలు కెమెరాకు ఆనవట. ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, యార్డుల్లో షెడ్లలో పనిచేసే అన్నలారా, కాలేజీల్లో చదివే తమ్ముళ్లారా చెల్లెళ్లారా, మాకు ఈ వేషాలు కట్టించినవాడి లాంటివాడు మీ వీధికీ వస్తాడు. పూలకుండీలూ టైల్సూ పట్టుకుని నవ్వుకుంటూ వస్తాడు.

నా పేరు స్వర్ణలత. రైల్వే యార్డులో కాంట్రాక్టు కింద బోగీలు కడుగుతాను. మెట్టుగూడ దగ్గర పట్టాల వెంబడి ఉన్న మా బస్తీని గని లైన్లు అంటారు. మా తాతలు కోలారు దిక్కు బంగారు గనుల్లో చేసి, అక్కడ పని పోయాక రైల్వే పనికోసం సికింద్రాబాద్ వచ్చారు. బంగారం మాత్రం ఎవరూ వెంట తేలేదు. ఒక ఇత్తడి గంట తెచ్చారు, దానితో పాటు ఒక కట్టుబాటు తెచ్చారు.

మా పెద్దలు చెప్పేది ఇది. గనుల కోసం దొరల ప్రభుత్వం వాటర్‌వర్క్స్ కట్టింది. దూరపు చెరువు నీళ్లు తోడి, పైపుల్లో పంపింది. ముందు బంగళాలకు, తర్వాత రాయి దంచే మిల్లుకు, ఏమన్నా మిగిలితే కూలి లైన్లకు. ఆ మిగిలిన నీళ్లకు మొదటి ఇళ్లవాళ్లు నల్లా తిప్పితే చివరి ఇంటికి చుక్క అందేది కాదు. కూలీలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. చివరి ఇంట్లో బిందె నిండి, ఆ ఇంటామె గంట కొట్టేదాకా ఎవరూ నల్లా ముట్టకూడదు. ఇక్కడా అదే నడుస్తోంది. నీళ్లు వదిలే పొద్దున మూసిన నల్లాల ముందు బిందెలు పెట్టుకుని కూర్చుంటాం. చివరి ఇల్లు దేవమ్మది. గంట ఆమె దగ్గరే ఉంటుంది.

ఆమె ఇంటి అవతల ఇంగ్లీషువాళ్ల నాటి పాత పంపుహౌసు పాడుబడి ఉండేది. రామభద్రరావు అనే కాంట్రాక్టరు దాన్ని లీజుకు తీసుకుని తోట వేశాడు, పచ్చిక పరిచాడు, రాతి జలపాతం కట్టాడు. దానికి స్వర్ణజలం అని పేరు. దొరలు బంగారు గనులకు నీళ్లిచ్చిన ఉపకారాన్ని టికెట్టు కొన్నవాళ్లకు నాటకంగా ఆడించి చూపిస్తాడట. కూలి వేషాలకు ఆ కూలీల మనవరాళ్లే దొరికారని ఊరంతా బ్యానర్లు కట్టించాడు. మా వీధికి ఊరికే టైల్సు వేయించాడు. మేం వాడికి దండాలు పెట్టాం.

టైల్సు పరిచిన నాటి నుంచి గంట మోగలేదు.

ప్రతిసారీ నల్లాల ముందు కూర్చున్నాం, గంట వినబడక లేచి పనులకు పోయాం. నేను యార్డు నుంచి సీసాల్లో నీళ్లు మోసుకొచ్చాను. నీళ్ల ఆఫీసుకు పోయి అడిగితే "సప్లై ఇస్తూనే ఉన్నాం కదమ్మా" అన్నారు. ఇక నోళ్లు దేవమ్మ మీదికి మళ్లాయి. ముసలిదానికి మతి పోయిందన్నారు. తన డ్రమ్ములు నింపుకుని గంట దాస్తోందన్నారు. ఆమె గడప ముందు ఉమ్మేసి పోయినవాళ్లున్నారు. గంట లాక్కుని ఇంకో ఇంటికి ఇద్దామని తీర్మానం కూడా అయింది. మొగుడు పోయిన ఆ మనిషికి బస్తీలో ఉన్న మర్యాదంతా ఆ గంటే.

అప్పుడు ఆటో నడిపే నోవహు పట్టుబడ్డాడు. గంట మోగకుండానే అతని ఇంట్లో నల్లా పారిన చప్పుడు పక్కింట్లో వినబడింది. అతన్ని బస్తీ చర్చి ముందుకు ఈడ్చుకొచ్చారు. లైన్లన్నీ కదిలి వచ్చాయి.

"దొంగోడా! గంట కొట్టకముందే ఎట్ల తిప్పినవ్‌రా?"

"బిడ్డకు జెరమొచ్చింది. తడిబట్ట ఎయ్యనీకె చుక్క లేదు. తిప్పిన. ఏం జేస్కుంటరో జేస్కోండ్రి!"

"మా పోరగాండ్లకు రాలేదా జెరాలు? గింతమందిమి ఎర్రోళ్లమా?"

ఎవరో అతని చొక్కా పట్టుకున్నారు. ఆ తోపులాటలోకి దేవమ్మ నడిచి వచ్చింది.

"ఆగుండ్రి. నోవహూ, నీళ్లు సన్నగ వచ్చినయా, జోరుగ వచ్చినయా?"

"జోరుగనే అవ్వా. బకెట్ పక్కకు కొట్టుకపోయింది."

"నీ ఇంటికి జోరుగ వస్తే నా ఇంటికి ఎందుకొస్తలెవ్వు?"

అతని చొక్కా వదిలేశారు. అందరం ఇళ్ల దిక్కు పరుగున పోయాం. నోవహు పక్కింటి నల్లా తిప్పితే నీళ్లు. ఆ పక్కింట్లోనూ నీళ్లు. దేవమ్మ ఇంటికి ఆనుకున్న ఇంట్లో కూడా దూకాయి. దేవమ్మ నల్లాలో మాత్రం గాలి. మధ్యలో ఉన్నవి రామభద్రరావు టైల్సే. నోవహు రాడ్డుతో ఒక టైలు లేపాడు. కింద దేవమ్మ ఇంటికి పోయే వాల్వు బిగించి ఉంది. పక్కనే ఇంకో వాల్వు, దాని నుంచి తొడంత లావు కొత్త పైపు గోడ కిందుగా తోటలోకి పోయింది. ఇంతలో సప్లై ఆగిపోయింది.

మాకు అర్థమయ్యాక ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. నల్లాలన్నీ మా చేతులతో మేమే మూసుకుని కూర్చున్నాం. మేం ముట్టని ప్రతి చుక్కా వాడి పచ్చికకు పోయింది. తాతలు నేర్పిన మంచినే వాడు దొంగిలించాడు.

"నేనే చెప్పిన వానికి," అంది దేవమ్మ. "పాత ముచ్చట్లు చెప్పమని ఇంటికొచ్చి కూసున్నడు. చాయ్ పోసి మరీ చెప్పిన, గంట మోగేదాక మావోళ్లు నల్లా ముట్టరని."

ఆమె మీద ఉమ్మినవాళ్లు తలలు దించుకున్నారు. కాలేజీ పిల్లలు గునపాలు తెచ్చి అప్పుడే జలపాతం పగలగొడదామన్నారు. పెద్దవాళ్లు అర్జీ పెడదామన్నారు. అర్జీ అనగానే ఆడవాళ్లు తిట్లందుకున్నారు.

"ఎల్లుండి, నీళ్లిడిసే పొద్దున్నే వాని ఫంక్షన్," అంది దేవమ్మ. "మోటారు లేదు, దొరల చక్రం తిప్పితే పైపుల నీళ్లే ఎగురుతయని గొప్పలు చెప్తుండు. పెద్దపెద్దోళ్లు వస్తరు. వాడు చక్రం తిప్పినంక నేను గంట కొడ్త. ఇండ్లల్ల ఉన్నోళ్లు నల్లాలన్నీ ఒక్కసారి తిప్పుండ్రి. ఇప్పుడే తవ్వితే రేపు పోలీసులతోని వచ్చి మళ్ల కప్పేస్తడు. అందరి ముందట దొరకాలె దొంగ."

"నీ బిందె నిండకుండనే గంట కొడ్తవా అవ్వా?" అన్నాడు నోవహు.

"కొడ్త," అంది ఆమె. ఆ గంట అట్లా మోగడం ఎవరమూ ఎరగం. లేపిన టైలును నోవహు ఎప్పటిలాగే పరిచేశాడు.

అదుగో, అందుకని ఆ పొద్దున మట్టి పూయించుకుని నిలబడ్డాం. దేవమ్మ గంటను చింపిన చీర మడతలో దోపుకుంది. కొలనులో నీళ్లు ఫొటోలకు అందంగా ఉండాలని నీలం రంగు కలిపారు. తాగే నీళ్లలో రంగు! అతిథులు ఇడ్లీలు తిని అందులోనే వేళ్లు కడుక్కున్నారు. అల్వాల్ నుంచి వచ్చిన ఎరిక్ అనే తెల్లటి మనిషికి టోపీ పెట్టి ఇంజనీరు దొర వేషం వేశారు. మేం ఖాళీ బిందెలతో అతని కాళ్ల ముందు వంగాలి.

"ఆనాడు దాహంతో అల్లాడే ఈ కూలిజనానికి దొరవారు గంగనే దించారు," అన్నాడు రామభద్రరావు మైకులో. "ఆ కృతజ్ఞత ఇప్పటికీ వీళ్ల రక్తంలో ఉంది."

మేం వంగాం. ఎరిక్ చక్రం తిప్పాడు. రాళ్ల మీద నుంచి నీళ్లు ఎగిరాయి, చప్పట్లు మోగాయి. అప్పుడు దేవమ్మ నిటారుగా లేచి గంట కొట్టింది.

గోడ ఇవతల ఇంటింటా నల్లాలు తిరిగాయి. జలపాతం నడుము దాకా దిగింది, మోకాళ్ల దాకా దిగింది, పైపు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఎరిక్ చక్రం తిప్పుతూనే ఉన్నాడు. "నీళ్లేమైనయ్‌రా వెధవల్లారా!" అన్న రామభద్రరావు మాట మైకులో తోటంతా వినబడింది.

"మా ఇండ్లకు పోయినయ్!" అని నేను అరిచాను. "మా పైపు కోసి మా నీళ్లు దొబ్బినవ్. టైల్స్ కింద దాసినవ్. వచ్చి చూడుండ్రి సారూ, అందరు చూడుండ్రి!"

అతిథులు రాలేదు. కొందరు ఫోన్లలో తీశారు, కొందరు ప్లేట్లు పట్టుకుని నీడకు జరిగారు. బందోబస్తుకు వచ్చిన ఎస్సై దేవమ్మ చేతిలోంచి గంట లాక్కుని ఆమెను వ్యాను ఎక్కించాడు. మేం బిందెలతో వెంట పరిగెత్తాం. లైన్ల మొగదలలో ఇళ్లలో ఉన్నవాళ్లు అప్పటికే దారికి అడ్డంగా కూర్చున్నారు. వ్యాను ఆగిపోయింది. బస్తీలో బిందెలు నిండి నీళ్లు గడపల మీదుగా పారుతున్నాయి, పిల్లలు కేకలేస్తున్నారు.

దేవమ్మ కిటికీ ఊచల్లోంచి అడిగింది. "నా ఇంటికి వచ్చినయా?"

"ఇంకా రాలే అవ్వా," అన్నాను.

"మళ్ల మీ నల్లాలెందుకు పారుతున్నయ్?"

నోవహు భార్య ముందు లోపలికి పోయి నల్లా మూసింది. తర్వాత ఆ పక్కామె మూసింది. వరసంతా మూసుకున్నారు. గోడ అవతల జలపాతం మళ్లీ లేచింది, చప్పట్లు వినబడ్డాయి.

"గునపం తే!" అన్నాడు నోవహు.

కొందరు వ్యానుకు అడ్డంగానే ఉండగా మేం దేవమ్మ ఇంటి ముందుకు పరిగెత్తాం, వెంట వచ్చిన ఎస్సై లాఠీ ఊపాడు. ఆడవాళ్లం ఆ టైల్స్ చుట్టూ దడిలా కూర్చున్నాం. నా భుజం మీద ఒకటి పడింది, ఇంకొకామె చెయ్యి వాచింది, ఎవరమూ లేవలేదు. మా మధ్యన నోవహు టైల్సు పెకలించి, తోటకు పోయే వాల్వు బిగించి, దేవమ్మ వాల్వు తిప్పాడు. చప్పట్లు ఆగిపోయాయి. దేవమ్మ నల్లా గరగరలాడి, ఎర్రటి నీళ్లు కక్కి, తర్వాత తేటగా పారింది. ఆమె బిందె మా కళ్ల ముందే నిండింది.

గంట ఎస్సై చేతిలో ఉంది. నేను నా ఖాళీ బిందె ఎత్తి రాయితో కొట్టాను. పక్కామె కొట్టింది. వేషాల కోసం వాళ్లిచ్చిన బిందెలన్నీ మోగాయి.

"ఇగ తిప్పుకోండ్రి బిడ్డా!" అని వ్యానులోంచి కేకేసింది దేవమ్మ.

నల్లాలు తిప్పుకున్నాం. పిల్లలకు తాగించాం, జ్వరం పడ్డవాళ్ల నుదుట తడిబట్ట వేశాం. తర్వాత వచ్చి వ్యాను ముందు మళ్లీ కూర్చున్నాం. మా ముఖాల మీద రామభద్రరావు పూయించిన బురద ఎండి పగుళ్లిస్తోంది. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి నాకు అందించారు, కడుక్కోమని.

"అవ్వ దిగినంక," అన్నాను.