ముందు నొక్కింది ఏది

తమ్ముడు క్రేన్ ఆపరేటర్. అంటే క్రేన్ మీదికెక్కి కూర్చునే పని కాదు. సరుకుల యార్డుకి ఒక చివర చిన్న గది, గోడనిండా కెమెరా తెరలు, ముందు బల్ల, బల్ల మీద బటన్లు. ఎత్తు, దించు, ఆగు. ఇక్కడ నొక్కితే ఆ మాట కేబుల్ వెంట వెళ్ళి, ఎక్కడో దూరాన ఉన్న క్రేన్ కదులుతుంది. తోటివాళ్ళు వాణ్ణి 'నిదానం' అని పిలిచేవారు. కంటైనర్ జానెడు దించాలన్నా ముందూ వెనకా చూసుకోకుండా బటన్ మీద వేలు పెట్టడని వేళాకోళం. అలాంటివాడు మనిషి కాలు మీదికి కంటైనర్ దించేశాడంటే ఎవరైనా నమ్ముతారా? అందరూ నమ్మారు.

నమ్మక చస్తారా, క్రేన్ దగ్గరి రికార్డులో 'ఆగు' ముందుంది, 'దించు' తర్వాత ఉంది. వాడు మొత్తుకున్నాడు. దించు నొక్కాను, లారీ పక్కన మనిషి కనబడ్డాడు, వెంటనే ఆగు నొక్కాను అన్నాడు. ఎవరడిగినా అదే మాట. మిషన్ ఒకటి చెబుతుంటే మనిషి మాట ఎవరికి కావాలి? వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టారు. తప్పు తేలితే లైసెన్సు పోతుంది, పైన కేసు.

అక్క చదువుకున్నది, నెమ్మదస్తురాలు, తమ్ముడంటే ప్రాణం. ఆ గదిలోని కంప్యూటర్లకి ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చింది ఆమె పనిచేసే కంపెనీయే. ఇంట్లో అదొక గొప్పగా చెప్పుకునేవారు.

కంప్యూటర్ నుంచి బయటికి పోయే ప్రతి మాటా ప్యాకెట్లుగా, అంటే చిన్నచిన్న మూటలుగా, పోతుంది. నెట్‌వర్క్ కార్డు దగ్గర వాటికోసం బోలెడు క్యూలు ఉంటాయి. ఏ ప్యాకెట్ ఏ క్యూలో నిలబడాలో తేల్చేది కెర్నెల్, అంటే కంప్యూటర్ లోపలి పెత్తందారు. అందులోని పాత కోడ్‌కి చాదస్తం ఎక్కువ. ఒక ప్రోగ్రామ్ మాటలు ఒక క్యూ పట్టాయంటే, ముందువి పూర్తిగా బయటపడేదాకా వెనకవాటిని ఇంకో క్యూకి మారనిచ్చేది కాదు. పక్క క్యూ ఖాళీగా ఉన్నా సరే, నీ ముందువాళ్ళు వెళ్ళిపోయారా అని అడిగి గానీ కదలనిచ్చేది కాదు.

ఆ కోడ్ చూసే పని అక్కది. ప్రమాదానికి కొన్నాళ్ళ ముందే ఆమె ఆ అడగడం తీసేసింది. ఖాళీ కనిపిస్తే అటే పొమ్మంది. వేగం పెరిగింది, మేనేజర్ ఆమెని నెత్తిన పెట్టుకున్నాడు. పరీక్షలన్నీ నెగ్గాయి. నెగ్గవూ మరి! ఆ పరీక్షల్లో వాడిన పద్ధతిలో, ప్యాకెట్లు ముందువెనకలైనా అవతలివైపు కంప్యూటర్ వాటిని మళ్ళీ వరసగా పేర్చుకుంటుంది. క్రేన్‌కి ఆ ఏర్పాటు లేదు, ఏది ముందొస్తే అదే ముందు వింటుంది. ఈ తేడా అక్కకి తెలియక కాదు, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆ రోజు తట్టలేదు, అంతే.

తమ్ముడి విచారణ నడుస్తుండగా ఇంకెక్కడినుంచో ఫిర్యాదొచ్చింది, కెమెరా బొమ్మలు తారుమారుగా వస్తున్నాయని. అక్క ప్యాకెట్లను ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంది. ముందు బయల్దేరింది నిండిన క్యూలో ఇరుక్కుంటోంది, వెనక బయల్దేరింది ఖాళీ క్యూలోంచి దూసుకుపోతోంది. ఆమెకి తమ్ముడి గది గుర్తొచ్చింది. యార్డు గదిలోనూ కెమెరా బొమ్మలే క్యూ నిండా. వాటి వెనక 'దించు' చిక్కుకుంది. 'ఆగు' పక్కనుంచి ముందే చేరింది. అప్పటికే ఆగివున్న క్రేన్ ఏం చేస్తుంది? ఊరుకుంది. ఆ తర్వాత 'దించు' వచ్చింది, దించింది.

ఆమె తిన్నగా మేనేజర్ గదికి వెళ్ళింది.

"తప్పు మన కోడ్‌ది. నేను మార్చిందే."

ఆయన లేచి తలుపు వేశాడు. "నెమ్మదిగా మాట్లాడు. నీ నోటితో నువ్వే చెప్పుకుంటే నిన్నెవరు కాపాడతారు?"

"కాపాడాల్సింది నన్ను కాదండీ, మా తమ్ముణ్ణి."

మేనేజర్ తిరిగొచ్చి కూర్చున్నాడు. చెడ్డవాడేమీ కాదు, భయస్థుడు. "సరే, రాసిద్దాం. కానీ ఇలా జరిగి ఉండొచ్చు అనే చెప్పగలం. అలాగే జరిగిందనడానికి ఆ గదిలో ఆధారమేదీ మిగల్లేదు. ఏది ముందు నొక్కాడో అతనే గట్టిగా చెప్పాలి," అన్నాడు.

అంతేగా! మొదటినుంచీ వాడు గట్టిగా చెబుతున్నది అదేగా! అక్క ఆ మధ్యాహ్నమే తమ్ముడింటికి పరిగెత్తింది. మరదలు తలుపు తీసి, "లోపలున్నారు వదినా. ఎప్పుడూ ఆ బల్ల దగ్గరే," అంది, కళ్ళు తుడుచుకుంటూ.

తమ్ముడు బల్ల అంచు మీద వేళ్ళతో నొక్కుతున్నాడు. అక్క ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది, ఏడుస్తూనే చెప్పింది.

"నీ చెయ్యి తప్పు చెయ్యలేదురా. పాపం నాది. నువ్వు మొదట చెప్పిందే నిజం. రేపు విచారణలో అదే చెప్పు, చాలు."

వాడు శ్రద్ధగా విన్నాడు. "అతని కాలు తీసేశారు, తెలుసా?"

"తెలుసు."

వాడి ముఖంలో కోపం లేదు, ఊరట కూడా లేదు. "మొదట్లో నాకు బాగా గుర్తుండేదక్కా. వాళ్ళు పిలిచినప్పుడల్లా రికార్డు చూపించేవారు. మిషన్ అబద్ధమెందుకు చెబుతుంది, నేనే పొరబడ్డానేమో అనుకున్నా. అసలెలా జరిగుంటుందా అని, ఇక్కడ కూర్చుని ఆగు ముందు నొక్కి చూసుకునేవాణ్ణి. నొక్కీ నొక్కీ, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అలాగే కనిపిస్తోంది."

"అది వాళ్ళు నీ బుర్రలోకి ఎక్కించింది!"

"అయ్యుండొచ్చు. నాకు తెలీడం లేదు."

"నాకు తెలుసుగా! నేను చెబుతున్నాగా! దించు ముందు అను. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నువ్వు చెప్పావని ఎలా అంటానక్కా? వాళ్ళు చెప్పారనేగా ఇదంతా," అన్నాడు.



మర్నాడు విచారణాధికారి, అక్క తెచ్చిన కంపెనీవాళ్ళ కాగితం చదివి పక్కన పెట్టాడు. మొదటిసారిగా కాస్త మర్యాదగా అడిగాడు.

"మీరు చెప్పండి. ముందు నొక్కింది ఏది?"

తమ్ముడు తన చేతుల వంక చూసుకున్నాడు. తొందరపడలేదు.

"గుర్తు లేదండీ," అన్నాడు.

"దించు ముందండీ!" అంది అక్క, లేచి నిలబడి.

"మీరు ఆ గదిలో ఉన్నారామ్మా?" అని అడిగాడు విచారణాధికారి, తమ్ముడి మాట రాసుకుంటూనే.